స్నానాలగదిలో ప్రశాంతత ఎవరికి?

ఈమధ్య ఇంటి అలంకరణ పత్రికలు ఏవి తిరగేసినా, టైల్సు కంపెనీల క్యాటలాగు ఏది చూసినా ఒకే బొమ్మ కనిపిస్తోంది. తెల్లటి టబ్బు, దాని చుట్టూ వెలిగించిన కొవ్వొత్తులు, ఓ మూల కుండీలో వెదురు మొక్క, దొంతరగా పేర్చిన తువ్వాళ్ళు, నేలమీద గుండ్రటి గులకరాళ్ళు. టబ్బులో కళ్ళు మూసుకుని ఓ స్త్రీ. ఇంట్లోనే స్పా ఏర్పాటు చేసుకోమనీ, రోజంతా పడ్డ అలసటని అక్కడే కడిగేసుకోమనీ కింద రాసి ఉంటుంది. నేను గమనించినంతవరకూ ఆ బొమ్మల్లో దాదాపు ఎప్పుడూ స్త్రీయే ఉంటుంది, ఎప్పుడూ ఒంటరిగానే ఉంటుంది. "ఇంకా ఎంతసేపు?" అని బయటినుంచి తలుపు కొట్టేవాళ్ళుండరు. బకెట్టులో నానబెట్టిన బట్టలుండవు. చీపురు, బ్రష్షు, ఫినాయిలు సీసా, యాసిడ్ సీసా ఎక్కడా కనిపించవు.

ఓ సమావేశంలో భోజనాల దగ్గర ఈ బొమ్మల ప్రస్తావన వస్తే అందరూ నవ్వారు. ఇప్పటికీ ఆడవాళ్ళు చెంబు పట్టుకుని పొలాల్లోకి వెళ్ళే ఊళ్ళుంటే మనం స్పాల గురించి మాట్లాడుకోవడమేమిటని ఒకరన్నారు. మార్కెట్టు ఆడవాళ్ళ అలసటని కూడా సరుకుగా మార్చి అమ్ముకుంటోందని ఇంకొకరన్నారు. రెండూ నిజమే. కానీ ఆ నవ్వుతో విషయం తేలిపోతుందని నేననుకోను. స్థిమితంగా స్నానం చేసే చోటు కావాలన్న కోరికని విలాసమని కొట్టిపారేస్తే, దాన్ని పూర్తిగా టైల్సు కంపెనీల చేతికి అప్పగించినట్టే. ఆ కోరిక న్యాయమైనదని నా అభిప్రాయం. కాకపోతే దాన్ని చివరిదాకా తీసుకెళ్ళాలి. ఆ గది ఎవరి ఒంటికి సరిపడేలా కడుతున్నాం, దాన్ని ఎవరు కడుగుతారు, కడిగే మనిషికి దాన్ని వాడుకునే హక్కు ఉందా లేదా అన్న ప్రశ్నల దాకా వెళ్ళాలి.

మన ఇళ్ళని ఒకసారి స్త్రీల వైపునుంచి చూద్దాం. వంటింటికి చాలా ఇళ్ళలో తలుపే ఉండదు, ఉన్నా ఎవరూ వేసుకోరు. ముందుగది, వసారా మగవాళ్ళవి. పడకగది భార్యాభర్తలిద్దరిదీ అంటారుగానీ దాని తలుపు మీద పెత్తనం ఎవరిదో మనకి తెలుసు. లోపల గడియ పెట్టుకుని, ఎందుకు పెట్టుకున్నావని ఎవరూ నిలదీయకుండా ఓ పది నిమిషాలు ఉండగలిగే చోటు స్నానాలగది ఒక్కటే. రాయాలంటే స్త్రీకి తనకంటూ ఓ గది ఉండాలని 1929లో వర్జీనియా వూల్ఫ్ వాదించింది. మన దగ్గర చాలామందికి ఆ గది స్నానాలగది రూపంలోనే దొరికింది. అది కూడా అందరికీ దొరకలేదు. కుటుంబ హింస కేసుల్లో పనిచేసే వాళ్ళందరికీ ఇది అనుభవమే. పంపు తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేవాళ్ళు, ఫోను కొంగు చాటున దాచి తీసుకెళ్ళి గొంతు తగ్గించి కౌన్సెలింగ్ సెంటరుతో మాట్లాడేవాళ్ళు మనకి కొత్త కాదు. ఇంట్లో మీకు ఎక్కడ హాయిగా ఉంటుందని ఇంటర్వ్యూల్లో నేను అడిగినప్పుడు, కాస్త సిగ్గుపడి, "నీళ్ళు పోసుకునేటప్పుడేనండీ" అని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు.

అదే గది గురించి ఇంకో మాట కూడా మనం విని విని ఉన్నాం. "బాత్‌రూంలో జారిపడింది." ఆసుపత్రి క్యాజువాల్టీలో డాక్టరుకి చెప్పేది అదే, పోలీసుస్టేషన్‌లో చెప్పేది అదే, పుట్టింటికి ఫోను చేసి చెప్పేదీ అదే. కన్ను కమిలినా, చెయ్యి విరిగినా, తల పగిలినా కారణం ఒక్కటే. ఇంట్లో సాక్షులుండరని అందరూ ఒప్పుకునే చోటు అది కాబట్టి నింద దానిమీదికి పోతుంది. నిజంగా జారిపడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి తర్వాత చెబుతాను.

తెలుగులో ఆడవాళ్ళు స్నానం చేశాననడం కంటే నీళ్ళు పోసుకున్నాననడమే ఎక్కువ. గర్భం వస్తే నీళ్ళోసుకుందంటారు, ప్రసవిస్తే నీళ్ళాడిందంటారు. ముట్టుకి తలకి పోసుకోవాలి, పురుటికి పోసుకోవాలి, మైలకి పోసుకోవాలి. శుచి పేరుతో ఆడవాళ్ళ స్నానాలకి ఇన్ని నియమాలు విధించిన సమాజం, ఆ నీళ్ళు ఎక్కడ పోసుకోవాలన్నది మాత్రం పట్టించుకోలేదు. పెరట్లో మూడు వైపులా తాటాకు దడి, నాలుగోవైపు తలుపు బదులు పాత చీర, కాళ్ళకింద ఓ కడపరాయో షాబాదు బండో. నీళ్ళు అరటిపాదులోకి పోతాయి. తెలంగాణ ఇళ్ళలో జాలాట. పైకప్పు ఉండదు. అందుకే లంగా రొమ్ముల మీదికి కట్టుకుని, తెల్లవారకముందే, ఒంటిమీది తడిబట్ట విప్పకుండానే స్నానం ముగించడం కోట్లమంది ఆడవాళ్ళకి అలవాటైపోయింది. ఒళ్ళంతా సబ్బు పెట్టి రుద్దుకోవడం కూడా అందులో కుదరదు. మగవాళ్ళు బావి దగ్గరా, బోరింగు దగ్గరా పట్టపగలు పోసుకునేవాళ్ళు, ఇప్పటికీ పోసుకుంటారు.

పాతకాలపు తలంటు ముందు ఈ స్పాలెంత అని మురిసిపోయేవాళ్ళు మనలోనూ ఉన్నారు. నలుగుపిండి, కుంకుడు రసం, సాంబ్రాణి పొగ అన్నీ బాగానే ఉంటాయి. కానీ పొయ్యి ఊదుకుంటూ కాగులో నీళ్ళు కాచిందెవరు? కుంకుడుకాయలు కొట్టి నానబెట్టిందెవరు? పండగనాడు ఇంటిల్లిపాదికీ తలంటి, అందరి వీపులూ రుద్ది, చివరికి చల్లారిన నీళ్ళు తను పోసుకుందెవరు? స్పా అనేది బెల్జియంలో ఖనిజ జలాల ఊటలకి పేరుపడ్డ ఓ పట్టణం పేరు. ఆ పేరు తగిలించి ఇవాళ వేలకి వేలు తీసుకుని చేసే సేవని మన ఇళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా ఉచితంగా చేశారు. తమకి మాత్రం చేయించుకోలేదు.

ఇక అంకెలు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పైకప్పున్న స్నానాలగది 42 శాతం ఇళ్ళకే ఉంది. మరో 16.4 శాతం ఇళ్ళకి పైకప్పులేని దడి ఉంది. మిగిలిన 41.6 శాతం ఇళ్ళకి అదీ లేదు. 2018లో జరిగిన 76వ విడత జాతీయ నమూనా సర్వే నాటికి పరిస్థితి కొంత మెరుగుపడింది. అప్పటికి స్నానాలగది అందుబాటులో ఉన్న కుటుంబాలు పట్టణాల్లో 91.2 శాతం, గ్రామాల్లో 56.6 శాతం. అదే సర్వేలో మరుగుదొడ్డి అందుబాటులో ఉన్నవి గ్రామాల్లో 71.3 శాతం. అంటే మరుగుదొడ్డి ఉండి స్నానాలగది లేని ఇళ్ళు పల్లెల్లో పెద్ద సంఖ్యలో ఉన్నాయన్నమాట. దీనికి కారణం వెతకడానికి దూరం వెళ్ళక్కర్లేదు. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ కార్యక్రమం ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చింది మరుగుదొడ్డికి. ప్రచారమంతా ఆడవాళ్ళ గౌరవం పేరుమీదే నడిచింది. ఉత్తరప్రదేశ్‌లో వాటికి 'ఇజ్జత్ ఘర్' అని పేరే పెట్టారు. ఆ గౌరవంలో స్నానం లేదు. ముట్టుగుడ్డ మార్చుకోవడం, ఉతుక్కోవడం, బాలింత ఒళ్ళు కడుక్కోవడం ఇవేవీ లేవు. కుటుంబం పరువు పోకుండా ఆడదాన్ని బహిర్భూమికి వెళ్ళకుండా ఆపాలన్న ఆలోచనకీ, ఆమె ఒంటికి సుఖం కావాలన్న ఆలోచనకీ చాలా దూరం ఉంది. ప్రభుత్వం కట్టించిన మరుగుదొడ్డిలోనే, ఆ బేసిను పక్కన కాళ్ళు సర్దుకుని నిలబడి నీళ్ళు పోసుకుంటామని నాకు చెప్పిన ఆడవాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు.

వేరే దారి లేకపోలేదు. ఒడిశాలో గ్రామ్ వికాస్ సంస్థ 1990ల నుంచీ మరుగుదొడ్డిని, స్నానాలగదిని విడదీయకుండా కట్టించింది. ఊళ్ళో ఒక్క ఇల్లూ మిగలకుండా అందరూ ఒప్పుకుంటేనే పని మొదలుపెట్టాలన్నది వాళ్ళ షరతు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, దాని పక్కన స్నానాలగది, వంటింటికి కుళాయి, ఊరంతటికీ ఒకే ట్యాంకు. దళితుల ఇళ్ళకీ అగ్రవర్ణాల ఇళ్ళకీ అవే నీళ్ళు. ఏ క్యాటలాగులోనూ చేరని ఈ గదుల్ని నేను స్పాలంటాను.

మా ఫ్లాటులో నీళ్ళు కారి కింది ఇంటి సీలింగు తడిసిపోవడంతో బాత్‌రూం మొత్తం తవ్వి తిరిగి కట్టించాల్సి వచ్చింది. నాతో మా అమ్మ ఉంటుంది, ఆవిడకి ఎనభై దాటాయి. డిజైనరు తెచ్చిన బొమ్మలు చూశాక నేను టేపు పట్టుకుని కొలతలు తీశాను. స్నానానికీ మరుగుదొడ్డికీ కలిపి ఒకే గది ఉంటే దానికి కనీసం 2.8 చదరపు మీటర్ల వైశాల్యం, 1.2 మీటర్ల వెడల్పు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. అంటే ముప్ఫై చదరపు అడుగులు. మధ్యతరగతి ఫ్లాటుల్లో అంతకంటే పెద్దగా ఉండే బాత్‌రూములు తక్కువ. అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉండే టబ్బు పెడితే అందులో పన్నెండున్నర చదరపు అడుగులు దానికే పోతాయి. అది నిండాలంటే నూటయాభై లీటర్లకి తక్కువ పట్టదు. నగరంలో ఓ మనిషికి రోజంతటికీ, తాగడానికీ వండుకోవడానికీ ఉతుక్కోవడానికీ అన్నిటికీ కలిపి ప్రమాణంగా పెట్టుకున్నదే 135 లీటర్లు. హైదరాబాదుకి కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ వైపునుంచి, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి వస్తాయి. ఒక బకెట్టు, ఒక మగ్గు ఉంటే ఇరవై లీటర్లతో తృప్తిగా స్నానం అవుతుంది. కాబట్టి టబ్బు సంగతి అక్కడితో తేలిపోయింది.

ప్రశాంతత అంటే ఏమిటని అమ్మని అడిగాను. "పడకుండా ఉంటే చాలు" అంది. ముసలివాళ్ళున్న ఏ ఇంట్లోనైనా అసలు భయం అదే. వాళ్ళ కోసం తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించమన్నాను. లోపలికి తెరుచుకునే తలుపైతే, పడిపోయిన మనిషి దానికే అడ్డం పడి ఉంటే బయటినుంచి తెరవలేం. మేస్త్రీ ఒప్పుకోలేదు. "అందరూ లోపలికే పెట్టిస్తారు మేడమ్, ఇదేం పద్ధతి" అన్నాడు. చివరికి పెట్టాడు. గడియ, లోపల వేసుకున్నా అవసరమైతే బయటినుంచి నాణెంతో తిప్పి తెరవగలిగేది పెట్టించాను. దీని గురించి నాకు ఇప్పటికీ కొంత తటపటాయింపు ఉంది. అమ్మకి అది రక్షణ. కొట్టే మొగుడున్న ఇంట్లో అదే గడియ ప్రమాదం. ఎవరి ఇంటికి ఏది సరిపోతుందో ఆ ఇంటి ఆడవాళ్ళే చెప్పాలి. గడప తీసేసి నేల సమం చేయించాను. కమోడు పక్కన, పంపు పక్కన గోడకి స్టీలు పిడులు. పంపు దగ్గర కూర్చుని స్నానం చెయ్యడానికి దాదాపు అడుగున్నర ఎత్తులో గ్రానైటు దిమ్మె. కిటికీ తలకంటే ఎత్తులో, గాలీ వెలుతురూ వచ్చేలా, బయటినుంచి చూసే వీలు లేకుండా. నీళ్ళు చిందనిచోట పొడిబట్టలకి ఓ కొక్కెం, ప్యాడ్లు పెట్టుకోవడానికి చిన్న అర, మూతున్న చెత్తబుట్ట. కళ్ళలో పొడిచే ట్యూబులైటు బదులు పసుపు వెలుగు దీపం. గ్యాసు గీజరు చవకని కొందరు చెప్పారు. గాలి ఆడని గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, స్నానానికి వెళ్ళిన మనిషి శవంగా బయటికి వస్తుంది. అది వద్దనుకున్నాం.

ఇవన్నీ కలిపినా డిజైనరు చూపించిన టబ్బు, అద్దాల గోడ ఖర్చులో సగం కాలేదు. అయినా ఇవి క్యాటలాగులో దొరకవు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ కీరా అనే ఆర్కిటెక్చరు ఆచార్యుడు 1966లోనే బాత్‌రూం మీద ఓ పుస్తకం వెలువరించాడు. మనం వాడే బేసిన్లు, టబ్బులు, కమోడ్లు మనిషి ఒళ్ళు ఎలా వంగుతుందో, ఎలా కూర్చుంటుందో చూసి చేసినవి కావని అందులో వివరంగా చూపించాడు. అరవై ఏళ్ళు కావస్తున్నా దుకాణాల్లో పెద్ద మార్పేమీ లేదు.

అయితే వాడేవాళ్ళ ఒళ్ళు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే సరిపోదు. వంటిల్లు విషయంలో స్త్రీవాదులకి ఈ పాఠం ఎప్పుడో దొరికింది. 1926లో ఆస్ట్రియన్ ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ళ కోసం, ఆడవాళ్ళకి నడక తగ్గించాలని, అన్నీ చేతికందే చిన్న వంటింటిని రూపొందించింది. సుమారు పదివేల ఇళ్ళలో పెట్టారు. పని సులువైంది. కానీ అందులో ఒక్కరికే చోటు. ఆ ఒక్కరూ ఆమే. తర్వాతి తరం స్త్రీవాదులు దాన్ని విమర్శించింది ఇందుకే. బాత్‌రూం దగ్గరికి వచ్చేసరికి పని అనే మాటే మాయమైపోయింది. అది విశ్రాంతి స్థలమట, అక్కడ ఎవరూ పనిచెయ్యరట!

స్పా బొమ్మల్లోని వస్తువుల్ని ఒక్కొక్కటిగా తీసుకుని కడిగే మనిషి కళ్ళతో చూడండి. అద్దాల గోడ మీద మన బోరు నీళ్ళు పడితే సాయంత్రానికల్లా తెల్లటి ఉప్పు మరకలు కడతాయి, రోజూ తుడవాల్సిందే. నల్ల గ్రానైటు మీద ప్రతి చుక్కా కనిపిస్తుంది. గులకరాళ్ళ సందుల్లో పాకుడు పడుతుంది, ఒక్కో రాయీ తియ్యకుండా అది పోదు. ఆ తెల్లటి తువ్వాళ్ళు ఎవరో ఉతికి, ఆరేసి, మడతపెట్టాలి. 2024లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానిమీద వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ 88 నిమిషాల్లో కమోడు తోమడానికి ఎన్ని పోతున్నాయో మీ మీ ఇళ్ళలో లెక్క వేసుకోండి. స్థోమత ఉన్న ఇళ్ళలో ఆ పని ఇంకో ఆడమనిషి మీద పడుతుంది. అక్కడ కులం కూడా వచ్చి చేరుతుంది. చాలా ఇళ్ళలో వంటమనిషి వేరు, బాత్‌రూములు కడిగే మనిషి వేరు. ఇద్దరి కులాలూ వేరు. జీతాలూ వేరు.

మా ఇంట్లో పనిచేసే ఆమెని టైల్సు దుకాణానికి నాతో రమ్మన్నాను. అమ్మ జారకుండా ఉండాలని నేను బాగా గరుకుగా ఉన్న రకం ఎంచాను. ఆమె దాన్ని వేలితో రుద్ది చూసి, "దీనిమీద బ్రష్షు నడవదమ్మా, మురికి పట్టేస్తుంది, యాసిడ్ పొయ్యాల్సొస్తుంది" అంది. అమ్మ కాళ్ళకీ ఆమె మణికట్టుకీ మధ్య అలా పేచీ వచ్చిపడింది. చాలాసేపు చూశాక మరీ గరుకు కాని, చిన్న పలకల రకం ఒకటి ఆమే చూపించింది. చిన్న పలకలైతే అతుకులు ఎక్కువ కాబట్టి కాలు పట్టు దొరుకుతుందని దుకాణం అతను కూడా ఒప్పుకున్నాడు. యాసిడ్ గురించి ఆమెకి తెలిసినంత ఏ డిజైనరుకీ తెలియదు. మనం మరకలు పోవడానికి వాడేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. దానికి బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఈ రెండూ వాడే ఆడవాళ్ళ దగ్గు గురించి ఇంటివాళ్ళు, "దానికెప్పుడూ జలుబేనండీ" అంటారు.

ఆ గది కడిగే మనిషికి అందులోకి వెళ్ళి తలుపేసుకునే హక్కు లేదు. హైదరాబాదు అపార్టుమెంటుల్లో ఉదయం ఆరుకి వచ్చి మధ్యాహ్నం రెండింటిదాకా నాలుగైదు ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఒంటికి వెళ్ళకుండా బిగబట్టుకుంటారు. వెళ్ళాల్సివస్తుందని మంచినీళ్ళు తాగరు. ముట్టు రోజుల్లో గుడ్డ మార్చుకోవడానికి సెల్లారులో కార్ల మధ్య చోటు వెతుక్కుంటారు. మూత్రనాళాల ఇన్ఫెక్షన్లు వాళ్ళకి మామూలైపోయాయి. కార్మికులకి మరుగుదొడ్లు, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ విడిగా కడుక్కునే చోట్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ నిబంధనలున్నాయి. ఇల్లు మాత్రం ఫ్యాక్టరీ కాదట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం, ఇంటిపని చేసే ఆమె విషయంలో ఇంటిని పనిచోటుగా గుర్తించింది. అదే ఇల్లు వేధింపుల విషయంలో పనిచోటైతే ఒంటికి వెళ్ళే విషయంలో ఎందుకు కాదు? ఇంటిపని వారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికని భారతదేశం ఇంతవరకూ ధ్రువీకరించలేదు.

నీళ్ళు మన గది దాటాక ఎక్కడికి పోతాయన్నది కూడా ఇందులో భాగమే. పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మురుగుకాలవల్లో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో, దాన్ని 30 లక్షలకి పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారీ ఆందోళన్ దశాబ్దాలుగా పోరాడి తెచ్చుకున్నవి ఇవి. పాతకాలపు పొడి మరుగుదొడ్లు ఎత్తిందీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఇప్పటికీ మ్యాన్‌హోళ్ళలో మనుషులు చనిపోతూనే ఉన్నారు. మన బాత్‌రూంలో జాలీ మూసుకుపోతే మనం ఫోను చేసేది ఎవరికి? అతని చేతికి తొడుగు ఉందా?

ఒక మాట మన గురించి కూడా. శిక్షణలకని మనం బుక్ చేసే హాళ్ళు, మన సంస్థల ఆఫీసులు, మన డార్మిటరీలు ఒకసారి తిరిగి చూడండి. ఎనభైమంది ఆడవాళ్ళకి రెండు బాత్‌రూములు, ఒకదానికి గడియ ఊడిపోయి ఉంటుంది, చెత్తబుట్ట ఉండదు, కొక్కెం ఉండదు, చీర ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు మూడు రోజులు స్నానం లేకుండా జెండర్ మీద పాఠాలు విని వెళ్ళిపోతారు. బడ్జెట్టులో ఫ్లెక్సీకి డబ్బుంటుంది, గడియకి ఉండదు. ఇది మనం ఎవరి అనుమతీ లేకుండా రేపే మార్చుకోగలిగిన విషయం.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి కూడా ఉన్నాయి. 2024లో తెలంగాణలో 5 లక్షల సాయంతో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళయినా, ఇంకే గృహ పథకమైనా, స్నానాలగదికి కొలతలు, కిటికీ, లోపలి గడియ, కుళాయి అంచనాలోనే స్పష్టంగా ఉండాలి. మిగిలిన డబ్బుతో చూసుకుందామంటే అది ఎప్పుడూ మిగలదు. ఇంటిపని వారి సంఘాలు జీతం, వారానికో సెలవు అడిగే పత్రంలోనే ఆ ఇంటి మరుగుదొడ్డి వాడుకునే హక్కునీ, చేతి తొడుగుల్నీ రాయించాలి. సంఘాల్లో ఈ మాట ఎత్తితే, ముందు జీతం సంగతి తేలనివ్వండి, ఇది చిన్న విషయం కదా అంటారు. రోజుకి ఎనిమిది గంటలు మూత్రం బిగబట్టుకోవడం చిన్న విషయమని నేననుకోను.

మా అపార్టుమెంటు సంఘంలో ఈ ప్రస్తావన తెచ్చాను. పనిచేసేవాళ్ళు ఏ ఇంట్లో పనిచేస్తున్నారో ఆ ఇంటి బాత్‌రూమే వాడుకోవాలని నా వాదన. శుభ్రత సంగతేమిటని అడిగారు. ఆ కమోడు ఎంత శుభ్రంగా ఉందో దాన్ని కడిగినామెకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుందన్నాను. గంట చర్చ తర్వాత సెల్లారులో జనరేటరు పక్కన వాళ్ళకి విడిగా ఒక టాయిలెట్ కట్టించాలని తీర్మానించారు. చాలామంది దాన్ని ఉదారతగానే భావించారు. నాకు మాత్రం హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గుర్తొచ్చింది, ఆ మాట పైకే అన్నాను, కొందరికి కోపం వచ్చింది. అందరికీ అసలేమీ లేకపోవడం కంటే ఇది నయమే కాబట్టి కట్టొద్దని నేననలేదు. నా అసమ్మతి మాత్రం మినిట్స్‌లో రాయమన్నాను. మరి దాన్ని రోజూ ఎవరు కడుగుతారని అడిగితే, వాచ్‌మన్ భార్య చూసుకుంటుందన్నారు. ఆ పనికి ఆమెకి విడిగా జీతం ఇవ్వాలా వద్దా అన్నది వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.